ఖవ్వాలీని ఎక్కడ కత్తిరించాలి?

సూఫీ భక్తిగానమైన ఖవ్వాలీ గొంతును కంప్యూటర్‌లోకి తీసుకుని, ముక్కలు చేసి, కొత్త దరువు మీద పేర్చే రీమిక్స్ పని మూడు దశాబ్దాలకు పైగా సాగుతోంది. అది భక్తికి అపచారమని కొందరు, పాత పాటకు కొత్త ఊపిరి అని మరికొందరు వాదిస్తున్నారు. ఈ వాదన ఎక్కువగా వాద్యాల చుట్టూ తిరుగుతుంది. కానీ దర్గాల్లో నేడు విడదీయరానిదైపోయిన హార్మోనియం కూడా 19వ శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చిందే. దాన్ని ఇముడ్చుకున్న సంప్రదాయాన్ని సింథసైజర్ చెడగొడుతుందనుకోలేం. చెడగొట్టేది తప్పుచోట పడే కత్తిరింపు.

ఖవ్వాలీ సభలో ప్రధాన గాయకుడు ఒక చరణం ఎత్తుకుంటాడు, బృందం చప్పట్లతో అందుకుంటుంది. ఆ చరణానికి వింటున్నవారిలో ఎవరైనా చలించిపోతే గాయకుడు ముందుకు కదలడు. అక్కడే ఆగి, అదే మాటను మళ్లీ మళ్లీ పాడతాడు. దీన్నే తక్రార్ అంటారు. మధ్యలో మరో కవి ద్విపదను తెచ్చి ముడివేస్తాడు, ఒకసారి స్వరం పెంచుతాడు, ఇంకోసారి లయ బిగిస్తాడు. ఎన్నిసార్లు పాడాలో ముందుగా రాసిపెట్టి ఉండదు, అది విన్నవాడి ముఖంలో తెలుస్తుంది. మన భజనలో పల్లవి ఒక్కోసారి వేడెక్కి ఆగకుండా సాగడం లాంటిదే ఇది. కంప్యూటర్ లూప్ కూడా ఒకే ముక్కను తిప్పుతుంది గానీ, ఎవరి ముఖమూ చూడదు. నా దృష్టిలో రీమిక్స్ కష్టమంతా ఈ తేడాలోనే ఉంది.

తప్పుచోట పడే కత్తిరింపు ఏం చేస్తుందో చెప్పడానికి మంచి సాక్ష్యం ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీఖాన్ 1990 నాటి ‘మస్త్ మస్త్’ ఆల్బమ్. కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్ దానికి నిర్మాత. ఆయన ఎడిటింగ్‌లో కొన్ని చోట్ల వాక్యం సగంలో తెగి సాహిత్యం అర్థం లేకుండా పోయింది. నుస్రత్ అందుకు ఒప్పుకోలేదు. గిటార్లకూ కొత్త దరువులకూ సమ్మతించిన మనిషి, మాట తెగితే మాత్రం ఊరుకోలేదన్నమాట. బ్రిస్టల్ బృందం మాసివ్ అటాక్ ఆ ఆల్బమ్‌లోని ‘మస్త్ మస్త్’ పాటను రీమిక్స్ చేసింది. తర్వాత తల్విన్ సింగ్, నితిన్ సాహ్నీ లాంటి బ్రిటిష్ ఆసియన్ యువకులు ‘స్టార్ రైజ్’ ఆల్బమ్‌లో నుస్రత్ గొంతుతో ప్రయోగాలు చేశారు. ఆయన 1997లో కన్నుమూశారు. పదేళ్లకు గౌడి అనే సంగీతకారుడు ఆయన పాత రికార్డింగుల మీద ‘డబ్ ఖవ్వాలీ’ ఆల్బమ్ కట్టాడు. అప్పటికి వద్దనడానికి గాయకుడు లేడు. అందుకే చనిపోయినవారి గొంతును వాడేవారి మీద బాధ్యత రెట్టింపవుతుంది.

దర్గాలో భక్తితో పాడేదాన్ని డ్యాన్స్ ఫ్లోర్ మీదకు తేవడమే తప్పంటారు కొందరు. ఆ బాధ నిజమైనదే. అయితే దర్గాలో పాట ఆగిపోలేదు. హైదరాబాద్‌లో ఖవ్వాలీ గాయకుల వార్సీ కుటుంబం దాన్ని తరతరాలుగా నిలుపుతూనే ఉంది. ఇక భాష రాని శ్రోతకు సాహిత్యంతో పనేమిటన్న వాదన ఒప్పుకోదగ్గది కాదు. అర్థం తెలియకపోయినా, మాట పూర్తయ్యే చోట గొంతు దిగే తీరు చెవికి తెలుస్తుంది. ఖవ్వాలీని రీమిక్స్ చేయదలచిన యువకులకు నా విన్నపం ఒక్కటే: కత్తిరించే ముందు ఒక ఖవ్వాలీ గాయకుడి దగ్గర కూర్చుని ఆ చరణం అర్థం అడగండి. మీ పేరు పక్కన కవి పేరు, గాయకుడి పేరు, వెనక చప్పట్లు కొట్టినవారి పేర్లు కూడా వేయండి.