జెండా నుంచి వేలిముద్ర దాకా 'నిశాని'

బుచ్చయ్యపేట వైపు పల్లెల్లో పాత దస్తావేజు విప్పి చూడండి. చివర ఒక పేరు, పక్కన నల్లటి బొటనవేలి మచ్చ, అక్కడే 'నిశాని' అన్న మాట కనిపిస్తాయి. రాయగలిగినవారిది వ్రాలు, రాయలేనివారిది నిశాని. రానురాను ఆ మాట మనిషికే అంటుకుపోయింది. చదువురానివాణ్ణి 'వాడు నిశాని' అని తీసిపారేస్తుంటాం. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే అలా అనడానికి నోరు రాదు.

పారసీలో 'నిషాన్' అంటే గుర్తు. రాజుగారి జెండా, దానిమీది చిహ్నం కూడా నిషానే. యుద్ధంలో దుమ్ము రేగినప్పుడు సిపాయి తనవాళ్లు ఎక్కడున్నారో దాన్ని చూసే తెలుసుకునేవాడు. గురుద్వారా ముందు ఎగిరే సిక్కుల పతాకం 'నిషాన్ సాహిబ్'. రాజస్థాన్‌లోని ఖాటూ శ్యామ్ గుడికి భక్తులు మోసుకెళ్లే జెండా పేరూ అదే. ఉర్దూలో గురిపెట్టే చోటు 'నిషానా', జ్ఞాపకంగా ఇచ్చే వస్తువు 'నిషానీ'. మత్తు అనే అర్థంలో వాడే 'నిషా' మాత్రం వీటికి చుట్టం కాదు, అది అరబ్బీనుంచి వచ్చిన వేరే మాట. తుర్కీ సుల్తానుల కొలువులో రాజముద్ర అయిన 'తుగ్రా'ను ఫర్మానాలపై వేయించే పెద్ద ఉద్యోగిని 'నిషాన్‌జీ' అనేవారు.

మొగలుల కాలంలో చక్రవర్తి ఆజ్ఞ ఫర్మానా అయితే, షాజాదా ఆజ్ఞ నిషాన్. బెంగాల్ సుబేదారుగా ఉన్న షాజాదా షుజా 1651లో ఇంగ్లీషు కంపెనీకి అలాంటి నిషాన్ ఒకటి ఇచ్చాడు. ఏడాదికి 3,000 రూపాయలు కడితే చాలు, సుంకాలు లేకుండా వ్యాపారం చేసుకోవచ్చు. తర్వాతి సుబేదార్లు అది తమకు వర్తించదన్నారు. కంపెనీ మాత్రం ఆ కాగితాన్ని వదల్లేదు. 1686లో మొదలైన యుద్ధానికి ఈ సుంకాల తగవు కూడా ఒక కారణం. ముద్ర పడ్డ కాగితం బలం అంత!

మరి పేదవాడి ముద్ర? పాత మరాఠీ పత్రాల్లో రాయడం రాని రైతు నాగలి బొమ్మ వేసేవాడు. అదే అతని నిశాని. 1858లో బెంగాల్‌లో హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక కాంట్రాక్టు కాగితంపై కోనాయ్ అనే అతని అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. ఆ ముద్రలను వర్గీకరించే లెక్క తేల్చడంలో ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కృషి పెద్దది. పేరు మాత్రం వారి పై అధికారి హెన్రీకి దక్కింది. ఆ పద్ధతిని నేటికీ 'హెన్రీ పద్ధతి' అనే అంటారు.

కాగితంలో ఏముందో తెలియకుండా వేలు పెట్టి భూమి పోగొట్టుకున్నవారి కథలు ప్రతి ఊళ్లోనూ వింటాం. ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రం గురించే. పత్రంలో ఏం రాయాలో అప్పు తీసుకున్నవాడే చెప్పాలి, అతనికి చేతకాకపోతే అతని తరఫు పెద్ద న్యాయంగా చెప్పాలి అంటుంది. అప్పిచ్చినవాడు రాయించి తెస్తే ఇతను వేలు పెట్టడం కాదన్నమాట.

ఇప్పుడు రేషను బియ్యానికీ వేలే పెట్టాలి. చెరకు నరికి నరికి గీతలు అరిగిన బొటనవేలిని యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. 'తుడుచుకుని మళ్లీ పెట్టమ్మా' అంటాడు డీలరు. ఆమె చీర చెంగుతో వేలు తుడుచుకుంటుంది.