వేడిమీద ఆగిన స్ప్రేయరు ఇంజను మరల అందుకొనకున్నచో ఏమి చేయవలెను?



విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు ప్రాంతముల మామిడి తోటలకు డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు పూతకాలము. పూగుత్తులు తొడుగుచున్నపుడే తేనెమంచు పురుగు చేరి రసము పీల్చును. పూలు మాడి రాలును. పురుగు విసర్జించు జిగురుపై మసి పట్టును. పూత పూర్తిగా విచ్చుకొనిన తరువాత మందు చల్లినచో తేనెటీగలు చచ్చి, పిందె తగ్గును. కనుక మందు చల్లుటకు అనువగు దినములు కొద్ది. ఆ దినములలో పాత పవర్ స్ప్రేయరు పది చెట్లకు కొట్టి ఆగి, ఎంత తాడు లాగినను అందుకొనకున్నచో, ఆ ఏటి కాపునకే నష్టము కలుగవచ్చును.

ఉదయము చల్లగా ఉన్నపుడు తేలికగా నడచి, వేడెక్కి ఆగిన తరువాత మొండికెత్తుట పాత టూ-స్ట్రోక్ ఇంజనులలో తరచుగా కనుపించు లోపము. ఇంజను నడుచుటకు మూడు కావలెను: తగుపాళ్ళలో పెట్రోలు, గాలి, ప్లగ్గు వద్ద మంచి నిప్పురవ్వ, సిలిండరులో ఒత్తిడి. వీనిలో ఏది లోపించినదో ఇంజను వేడిగా ఉన్నపుడే చూడవలెను. చల్లారిన తరువాత చూచినచో లోపము దాగిపోవును.

ముందుగా పంపులోని మందు ఒత్తిడిని విడుదల చేయుడు. చేతులు సబ్బుతో కడుగుకొనుడు. స్విచ్చి ఆపి, గుడ్డతో పట్టుకొని ప్లగ్గును విప్పి చూడుడు.

1. ప్లగ్గు తడిసియున్నచో: పెట్రోలు ఎక్కువైనది. వేడి ఇంజనుకు చోక్ వేయుటయే దీనికి ముఖ్య కారణము. పెట్రోలు ట్యాపు కట్టి, చోక్ తీసి, ఆక్సిలేటరు పూర్తిగా తెరచి, స్విచ్చి ఆపియుంచియే తాడును ఐదారుసార్లు లాగుడు. ప్లగ్గును తుడిచి ఆరబెట్టి బిగించుడు. తరువాత చోక్ లేకుండ నడుపుడు.

2. ప్లగ్గు పొడిగా ఉన్నచో: పెట్రోలు అందుటలేదు. ట్యాంకు మూతను కొద్దిగా వదులు చేసి చూడుడు. అంతటితో ఇంజను అందుకొనినచో, మూతలోని గాలి రంధ్రము పూడినదని తెలియును. గాలి లోనికి పోనిదే పెట్రోలు క్రిందికి దిగదు. రంధ్రము బాగుగా ఉన్నచో ఫిల్టరు, గొట్టము, కార్బ్యురేటరు శుభ్రపరచవలెను.

3. రవ్వ: ప్లగ్గును టోపీలో ఉంచి, దాని లోహపు భాగమును ఇంజనుకు ఆనించి, స్విచ్చి వేసి తాడు లాగుడు. ప్లగ్గు రంధ్రమునకు దూరముగా పట్టవలెను; లేనిచో పెట్రోలు ఆవిరి అంటుకొనును. రవ్వ లేకున్నచో కొత్త ప్లగ్గుతో చూడుడు. అప్పుడును రాక, చల్లారిన తరువాత మాత్రమే వచ్చుచున్నచో ఇగ్నిషన్ కాయిలు వేడికి పనిచేయుటలేదని అనుమానించి మెకానిక్కుకు చూపవలెను.

4. ఒత్తిడి: ప్లగ్గు బిగించి లాగినను తాడు వదులుగా వచ్చుచున్నచో, ప్లగ్గు రంధ్రములో ఒక చెంచా ఆయిలు పోసి మరల బిగించి లాగుడు. బిగువు పెరిగినచో రింగులుగాని సిలిండరుగాని అరిగినవి. దీనికి మరమ్మతే మార్గము.

ఒకేసారి అన్నియు మార్చరాదు. ఒక్కొక్కటి మార్చి చూచినపుడే అసలు లోపము తెలియును.

కిందటి సంవత్సరము మిగిలిన పెట్రోలు వాడరాదు. ఇప్పుడు బంకులలో అమ్ము పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాలు ఉండును. అది తేమను పీల్చును. తేమ ఎక్కువైనచో నీరు అడుగున చేరి ఇంజను ఆగును. కాలము ముగియగానే ట్యాంకును, కార్బ్యురేటరును ఖాళీచేసి ఉంచవలెను. ఆయిలును తయారీదారు చెప్పిన పాళ్ళలోనే కలుపవలెను. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లనగా 25కు 1 పాలు. 20 మిల్లీలీటర్లనగా 50కి 1 పాలు. ఆయిలు ఎక్కువైనచో ప్లగ్గు, సైలెన్సరు మసిపట్టును; తక్కువైనచో పిస్టన్ పట్టివేయును. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. దగ్గరలో బీడీ, చుట్ట కాల్చరాదు.

నవంబరులోనే మంచినీటితో అరగంట స్ప్రేయరు నడిపి, ఆపి, పది నిమిషములు ఉంచి మరల నడిపి చూడుడు. చల్లని ఇంజను అందుకొనినంత మాత్రమున అది బాగుగా ఉన్నదని తలంపరాదు. వేడిమీద అందుకొనకున్నచో, మరమ్మతు చేయించుటకు పూతకు ముందు ఇంకను వ్యవధి ఉండును.