కుక్కపిల్లను ఇంటికి తెచ్చుటకు ముందు

బాపట్ల జిల్లాలోని పిట్టలవానిపాలెము కృష్ణా పశ్చిమ డెల్టాలోని గ్రామము. ఇట్టి పల్లెలలో వీధికుక్క యీనిన వార్త పెద్దలకన్న ముందుగా బాలురకు తెలియును. కన్నులైనను తెఱవని కూనను చొక్కాలో దాచుకొని యింటికి తెచ్చువారును గలరు. ఆ ప్రేమ మెచ్చదగినదే. కాని ఆ పని కూనకు ప్రాణాపాయము. కూనను తెచ్చుటకు తగిన వయస్సు కలదు; ఇంటిలో కొంత సన్నాహమును కావలెను.

కుక్కపిల్ల పుట్టినపుడు చూడజాలదు, వినజాలదు. సుమారు రెండు వారములకు కన్నులు తెఱచును. తొలి దినమున త్రాగిన ముఱ్ఱుపాలు దానిని రోగములనుండి కాపాడును. పిదప తోబుట్టువులతో పెనగులాడుచు, ఎంత గట్టిగా కఱచినచో ఎదుటిదానికి నొప్పి కలుగునో నేర్చుకొనును. ముందుగా వేఱుచేయబడిన కూనకు ఈ పాఠము చక్కగా అబ్బదు. కావున ఎనిమిది వారములు నిండువఱకు దానిని తల్లికడనే యుంచవలెను.

ఈలోపల ఇంటివారందఱును కూర్చుండి మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. దానికి అన్నము పెట్టువారెవరు? శుభ్రపఱచువారెవరు? అందఱును ఊరికి పోయినపుడు చూచువారెవరు? కుక్క పది పండ్రెండేండ్లు జీవించును. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలుడు ఉద్యోగమున ప్రవేశించునాటికి అది ముసలిదగును. అంతకాలము దానిని పోషింపగలవారే కూనను తేవలెను.

తరువాత ఇల్లు సిద్ధము చేయవలెను. సేద్యగాండ్ర యిండ్లలో పురుగుమందు డబ్బాలును, ఎలుకలమందును మూలలందుండుట కలదు. కూన కనబడినదెల్ల నోట పెట్టుకొనును గనుక వానిని అందనిచోట దాచవలెను. నూతికిని, పంటకాలువకును పోకుండ దడి కట్టవలెను. వసారాలో ఎండయు వానయు తగులని మూల గోనెపట్టా పఱచి, ప్రక్కన మూకుడులో మంచినీరుంచవలెను. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. అది నాలుక చాచి రొప్పుటచేతనే వేడిని తగ్గించుకొనును. అందువలన వేసవిలో నీడయు నీరును దానికి ప్రాణాధారములు.

తల్లికడ తిన్న ఆహారమునే తొలిదినములందు కొంచెము కొంచెముగా, రోజునకు మూడు నాలుగు మార్లు పెట్టవలెను. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషతుల్యములు. ఉడికిన కోడియెముకలు చీలి గొంతులో గ్రుచ్చుకొనును.

మొదటి రాత్రి కూన ఏడ్చును. అది అల్లరి కాదు. తల్లికై పెట్టు మొఱ. తల్లి పండుకొనిన గుడ్డను పడకపై వేసినచో ఆ వాసనకు కొంత నెమ్మదించును. తిన్నవెంటనే, నిద్ర లేచినవెంటనే పెరటిలో ఒకేచోటికి తీసికొనిపోయినచో శుభ్రత త్వరలో అలవడును. కొట్టుటచేత భయమే కలుగును గాని బుద్ధి రాదు.

అన్నింటికన్న ముఖ్యమైనది వైద్యము. పశువైద్యుని సలహాపై నులిపురుగుల మందును, అంటురోగముల టీకాలను ఇప్పింపవలెను. మూడు నెలలు నిండినపిదప పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. 1885లో లూయీ పాశ్చరు కుక్కకాటునకు గుఱియైన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు ఈ వ్యాధిని నివారించు టీకా వేయించెను. ఆ బాలుడు బ్రతికెను. కాని వ్యాధి లక్షణములు పొడచూపినపిదప మరణము దాదాపు తప్పదు. కావున కఱచినది చిన్నకూనయే యైనను, గాయము గీతయంతయే యైనను, పెద్దలకడ దాచరాదు. కారము, సున్నము పూయరాదు. సబ్బుతో పదునైదు నిమిషములు ధారగా పాఱు నీట కడిగి, వెంటనే వైద్యశాలకు పోవలెను.

మంచి కుక్కకై దూరదేశములకు పోనక్కఱలేదు. ఊరి కుక్కలు మన యెండకు అలవాటుపడినవి. కొల్లేటి ప్రాంతమున జోనంగి యను దేశవాళి జాగిలము గలదు. పొట్టి వెండ్రుకలు, ముడుతలు పడిన నుదురు దాని గుఱుతులు. అది బాతులమందలను కాచెడిది. బాతుల పెంపకము తగ్గి చేపలచెఱువులు పెరుగగా దానికి పని లేకపోయెను. ఆదరించువారు కఱవై దాని సంఖ్య క్షీణించెను. పనికై చేరదీసినవారు పని తీఱగానే విడిచిన మూగజీవి గతి యిట్లుండును.

ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకైనను పోనొల్లలేదని మహాభారతము చెప్పుచున్నది. కూనను తెచ్చుట ఒక్కనాటి వేడుక. దానిని కడవఱకు సాకుట ధర్మము. ఆ ధర్మమునకు సిద్ధపడుటయే అన్ని సన్నాహములలోను మొదటిది.