అర నిమిషంలో చెరిగిపోయే వాక్యం

చిన్నప్పుడు నేర్చిన పద్యాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పగలిగిన మనిషి, ఇప్పుడే విన్న ఉపన్యాసంలోని ఒక్క వాక్యాన్నైనా ఉన్నదున్నట్టు ఎందుకు చెప్పలేడన్నది పాఠకులకు తరచుగా కలిగే సందేహం. శ్రద్ధ చాలకపోవడమే కారణమని సాధారణంగా వినిపించే సమాధానం సరైనది కాదు. శ్రద్ధగా విన్నవారు కూడా మాటలను జారవిడుచుకుని భావాన్ని మాత్రమే మిగుల్చుకుంటారు. ఒకే భావాన్ని వేరే మాటల్లో చెప్పడం పాండిత్యంతో అబ్బే విద్య అనుకోవడం కంటే, జ్ఞాపకశక్తి నడిచే తీరే అది అనుకోవడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

విన్న ధ్వనులు కొద్ది క్షణాలు మనసులో మారుమోగే చోటుకు మనోవిజ్ఞాన శాస్త్రంలో క్రియాశీల స్మృతి అని పేరు. ఆ చోటు బహు ఇరుకు కాబట్టి, తరువాతి వాక్యం వచ్చేసరికి ముందు వాక్యం ఖాళీ చేయక తప్పదు. ఖాళీ చేసేటప్పుడు ఏది మిగులుతుందన్నదే అసలు ప్రశ్న.

దీనికి అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాక్వెలిన్ సాక్స్ 1967లో ప్రచురించిన ప్రయోగాన్ని మించిన సమాధానం దొరకడం కష్టం. ఆమె టెలిస్కోపు పుట్టుక వంటి విషయాలపై చిన్న చిన్న గద్యభాగాలను వినిపించి, మధ్యలో ఆపి ఒక వాక్యాన్ని చదివి, అది ఇంతకుముందు విన్నదేనా, లేక ఏదైనా మారిందా అని అడిగారు. అసలు వాక్యం ఆంగ్లంలోనిది. తెలుగులో చెప్పుకుంటే, ‘అతడు దాని గురించి గొప్ప ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియోకు ఉత్తరం పంపాడు’ అన్నట్టు ఉంటుంది. పరీక్షలో ఒక్కొక్కప్పుడు ఇదే వాక్యం వచ్చేది. ఒక్కొక్కప్పుడు పదాల వరుస మారి, లేదా ‘ఉత్తరం పంపబడింది’ అన్న కర్మణి రూపంలో, భావం మారకుండా వచ్చేది. మరొకప్పుడు గెలీలియోయే అతడికి ఉత్తరం పంపినట్టు తలకిందులై వచ్చేది. వెంటనే అడిగినప్పుడు శ్రోతలు అన్ని మార్పులనూ బాగానే పట్టుకున్నారు. నడుమ 80 అక్షరాలు, అంటే ఒక్క ఊపులో పలికే ధ్వనులు 80, దొర్లిపోయేసరికి రూపంలోని మార్పులు వారికి దాదాపు కనిపించకుండా పోయాయి. భావంలోని మార్పు మాత్రం 160 అక్షరాల తరువాత కూడా దొరికిపోయింది. 80 అక్షరాలకు పట్టిన కాలం సుమారు 27 సెకన్లు.

ఇందులోని వింతను తెలుగులో చూస్తే మరింత స్పష్టమవుతుంది. ‘అతడు గెలీలియోకు ఉత్తరం పంపాడు’, ‘గెలీలియోకు ఉత్తరం పంపాడు అతడు’ అన్న రెండు వాక్యాలు చెవికి బాగా దూరం, మనసుకు ఒకటే. ‘అతడికి గెలీలియో ఉత్తరం పంపాడు’ అన్నప్పుడు చెవికి తేడా ఒక విభక్తి ప్రత్యయం చోటు మారడమంత, కథ మాత్రం పూర్తిగా వేరు. మనసు దాచుకునేది ధ్వనినే అయితే మొదటి మార్పు సులువుగా తెలియాలి, రెండోది తప్పించుకోవాలి. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఈ విషయంలో పొరపడినవారు సామాన్యులు కారు. 1885లో జ్ఞాపకశక్తి ప్రయోగాలకు పునాది వేసిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్, అర్థం అడ్డురాకూడదని అర్థంలేని అక్షరాలను వల్లెవేసి కొలతలు తీశాడు. మరుపును కొలిచినందుకు ఆయనకు కీర్తి దక్కవలసిందే గానీ, నిలిచేదాన్ని ముందే ఏరిపారేశాడన్నది కూడా నిజం. 1960ల తొలినాళ్లలో జాక్ మేలర్ వంటివారు, మనసు ప్రతి వాక్యాన్ని ఒక సరళమైన మూలవాక్యంగా, దానికి తగిలించిన ‘కర్మణి’, ‘వ్యతిరేకం’ వంటి చీటీలతో భద్రపరుస్తుందని భావించారు. అందమైన సిద్ధాంతమే అయినా, దాన్ని చీమలు తినేశాయి.

1971లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, జెఫ్రీ ఫ్రాంక్స్ చేసిన ప్రయోగంలో, చీమలు వంటింట్లో ఉన్నాయి, జెల్లీ తియ్యగా ఉంది, అది బల్ల మీద ఉంది, చీమలు దాన్ని తిన్నాయి అన్న నాలుగు సంగతులను విడివిడిగానూ, రెండు మూడు కలిపిన వాక్యాలుగానూ వినిపించారు. నాలుగూ కలిసిన వాక్యాన్ని మాత్రం ఒక్కసారి కూడా వినిపించలేదు. తరువాత అడిగితే, శ్రోతలు అన్నింటికంటే ఎక్కువ నమ్మకంతో ‘ఇది విన్నాం’ అన్నది ఆ వినని వాక్యాన్నే. విడివిడి వాక్యాలు వాక్యాలుగా మిగలక, ఒక్క చిత్రంగా కలిసిపోయాయి.

చెప్పవలసి వచ్చినప్పుడు ఆ చిత్రం నుంచి వాక్యం కొత్తగా పుడుతుందని మేరీ పాటర్, లిండా లొంబార్డీ 1990లో చూపారు. ఒక యోధుడు రాజభవనం చుట్టూ తిరిగాడన్న వాక్యం చదివినవారికి విడిగా ఒక పదాల జాబితాలో ‘కోట’ అన్న మాట చూపితే, వాక్యాన్ని తిరిగి చెప్పేటప్పుడు పలువురి నోట రాజభవనం కోటగా మారిపోయింది. ఇప్పుడే చదివిన వాక్యాన్ని మక్కికి మక్కి చెబుతున్నామనుకునే వేళ కూడా జరిగేది పునర్నిర్మాణమే. చేతికందిన మాట ఏదో అదే అందులో ఇమిడిపోతుంది.

మరి పద్యం ఎలా నిలుస్తుంది? వల్లెవేయడం ఒక కారణమైతే, కొత్త మాటకు చోటివ్వని కట్టుబాటు మరొకటి. ఉత్పలమాల పాదంలో గురులఘువుల వరుస తప్పని 20 అక్షరాలు, పదో అక్షరానికి యతి, రెండో అక్షరానికి ప్రాస ఉంటాయి. ‘రాజు’ అన్నచోట ‘భూపతి’ వేస్తే భావం చెడదు గానీ, ఒక లఘువు ఎక్కువై నడక కుంటుతుంది, చెవి వెంటనే పట్టేస్తుంది. పాదంలో పట్టే మాటలు కొద్దే కాబట్టి పునర్నిర్మాణం కూడా పాత పద్యానికే చేరుతుంది. తాత్పర్యానికి ఆ కాపలా లేదు కనుకనే అది ప్రతి నోటా ఒక్కో తీరుగా వస్తుంది.

ఇంత తెలిశాక దీని ప్రయోజనమేమిటని అడిగేవారికి పరీక్షల గదిని చూపితే చాలు. ప్రశ్నపత్రంలో ‘సొంత మాటల్లో రాయండి’ అని అచ్చువేసి, జవాబుపత్రంలో గైడులోని వాక్యం కోసం వెతికి మార్కులు వేసే పద్ధతి చాలాచోట్ల ఇంకా సాగుతూనే ఉంది. పాఠం అర్థమైన పిల్లవాడు సహజంగా చేసే పనికి అక్కడ మార్కులు తగ్గుతాయి. ప్రశ్నపత్రంలో ఉన్న ఆ మూడు మాటలను దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో కూడా చేర్చాలి.