నాన్నను పేరు పెట్టి పిలిచే పిల్లలు

“మూడేళ్ళవాడు, తండ్రిని పేరు పెట్టి పిలుస్తున్నాడు డాక్టరు గారూ! నాలుగు తగిలించినా మానడు. బుర్రలో ఏదైనా లోపమా?” ఆరాంఘర్ వైపు నుంచి మా ఆస్పత్రికి వచ్చే తల్లులు దగ్గు, జ్వరాలతో పాటు ఈ సంగతీ అడుగుతుంటారు. నేరమంతా టీవీలో వచ్చే షించాన్‌దే అంటారు.

1990లో జపాన్‌లో పుట్టిన ఆ బొమ్మల కథలో అయిదేళ్ళ గడుగ్గాయి కన్నతల్లిని “మిసాయే” అని పిలుస్తుంటాడు. పెద్దల ఫిర్యాదులతో 2008లో మన దేశంలో దాని ప్రసారాన్ని కొంతకాలం ఆపారు కూడా. అయితే 1960లో అమెరికా రచయిత్రి హార్పర్ లీ రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్ బర్డ్’ నవలలోనూ స్కౌట్, జెమ్ అనే పిల్లలు తండ్రిని “అట్టికస్” అనే పిలుస్తారు. ఆయనంటే వారికి ప్రాణం, గౌరవం. కాబట్టి పేరు పెట్టి పిలవడం దానంతటది జబ్బూ కాదు, పొగరూ కాదు. అక్కడ చనువు కోసం, ఇక్కడ నవ్వు కోసం రచయితలు వాడుకున్నారు, అంతే.

మీ వాడి సంగతి ఇంకా తేలిక. నాయనమ్మ పొద్దస్తమానం కొడుకును పేరుతో కేకేస్తుంది. పసివాడి చెవికి ఆ మనిషి పేరు అదే! ఉమ్మడి కుటుంబాల్లో తల్లిని “వదినా” అనీ, తండ్రిని “అన్నా” అనీ పిలిచే పిల్లలు ఎందరో. వారిలో కొందరు తల నెరిశాక కూడా అలాగే పిలుస్తారు. వాళ్ళనెవరూ ఆస్పత్రికి తీసుకురారేం?

వాడు పిలిచినప్పుడు పగలబడి నవ్వకండి. చుట్టాల ముందు మళ్ళీ పిలిపించకండి. నవ్వు వస్తుందంటే ఏ పిల్లవాడు మానతాడు? “నాన్నను పిలు” అని మీరే మామూలుగా అనండి. నాయనమ్మను కూడా వాడి ముందు “మీ నాన్న” అనమనండి. చెంపదెబ్బ మాత్రం వద్దే వద్దు. అది చెవి మీద పడితే కర్ణభేరి చిరగవచ్చు. ఇక టీవీ, సెల్‌ఫోను అంటారా, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. నాన్న పేరు అసలే తెలియని పిల్లవాడు! భర్త పేరు నోట పలకని ఇల్లాళ్ళు ఇంకా ఉన్నారు. చీటీ రాసేచోట భర్త పేరు అడిగితే పక్కనున్న ఆడపడుచు వైపు చూస్తారు. అటువంటి ఇంట్లో పిల్లవాడికి ఆ పేరు ఎలా తెలుస్తుంది? ఆరాంఘర్ చౌరస్తా సంగతి మీకు తెలియనిది కాదు. శంషాబాద్, మహబూబ్‌నగర్ వైపు బస్సుల కోసం నిలబడే జనం, మూటలు, ఆటోలు. క్షణంలో చెయ్యి జారుతుంది. “మీ నాన్న పేరేమిటి బాబూ?” అని పోలీసు అడిగితే “నాన్న” అంటాడు. ఆ మాటతో ఏ ఇల్లని వెతుకుతారు?

నాలుగేళ్ళు నిండేలోగా అమ్మానాన్నల పూర్తి పేర్లు, ఉండే బస్తీ పేరు ఆటగా నేర్పండి. పిలవడానికి నాన్న, ఎవరైనా అడిగితే చెప్పడానికి పేరు అని విడదీసి చెబితే పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. ఫోను నంబరు కాస్త పెద్దయ్యాక వస్తుంది. అందాకా ప్రయాణంలో చీటీ మీద రాసి జేబులో పెట్టండి. తప్పిపోయిన పిల్లలు కనిపిస్తే 1098కి ఫోను చెయ్యవచ్చు.

ఎవరినీ ఏ పేరుతోనూ పిలవని బిడ్డను మాత్రం తప్పక తీసుకురండి. ఏడాది నిండినా తన పేరు పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు “అమ్మా, దా” వంటి రెండు మాటలు కలపలేకపోయినా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. “వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి” అని ఊరుకోకండి. నీలోఫర్ పిల్లల ఆస్పత్రిలోనో, కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రిలోనో చూపించండి.