పులస ధర్మపురి దాకా ఎందుకు రాదు?

ధర్మపురి, మంథని మీదుగా పారే గోదావరే కదా రాజమండ్రి దాటి సముద్రంలో కలిసేది! మరి అక్కడి పులస ఇక్కడి వలల్లో ఎందుకు పడదు?

పులస పుట్టేది నదిలో, పెరిగేది బంగాళాఖాతంలో. గోదావరికి ఎర్రనీళ్లు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఉప్పునీటి చేప మంచినీళ్లలో ఎలా బతుకుతుంది? కిటుకంతా మొప్పల్లోనే ఉంది. సముద్రంలో ఉన్నంతకాలం అది నీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి పంపేస్తుంది. నదిలోకి వచ్చాక పని తిరగబడుతుంది. మొప్పలు నీటిలో ఉన్న కాస్త ఉప్పునూ లోపలికి లాగుతాయి, మూత్రపిండాలు అదనపు నీటిని తోడేస్తాయి. దారిలో తిండి బాగా తగ్గించి, ఒంట్లోని కొవ్వునే ఖర్చు పెడుతుంది. పులుసుకు అంత రుచి తెచ్చేదీ ఆ కొవ్వే మరి!

అయితే 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. పులస ఈతలో గట్టిదే గానీ, గోడ దూకలేదు. మన చెరువుల్లోని కొర్రమీనుకు ఈ వలస బాధే లేదు.