గొట్టం వెనక మనిషి

ప్రబంధాలు చెప్పుకు బతికే తెలుగు లెక్చరరుకు ఫైరింజన్లతో ఏం పని అంటారా? వేసవి సెలవులు, అదీ సంగతి! మా అబ్బాయి 'షికాగో ఫైర్' అనే అమెరికా టెలివిజన్ నాటకం పెట్టి, "చూడు నాన్నా" అన్నాడు. 2012 అక్టోబరులో మొదలయిందట. పదేళ్ళు దాటినా ముగింపు కనపడలేదంటే మన వారపత్రికల సీరియళ్ళకు తాత అన్నమాటే.

మంటలూ నిచ్చెనలూ చూద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే అసలు కథంతా మంట చల్లారిన తరవాతే. మొదట్లోనే డార్డెన్ అనేవాడు మంటల్లో పోతాడు. నువ్వు కారణమంటే నువ్వు కారణమని కేసీ, సెవరైడ్ అనే ఇద్దరు అధికారులు ముఖాలు చూసుకోరు. సెవరైడ్‌కు మెడ దగ్గర దెబ్బ. బైటపడితే ఉద్యోగానికి ముప్పని, చాటుగా నొప్పి మందులు పుచ్చుకుంటూంటాడు. అయినా గంట మోగితే ఇద్దరూ ఒకే మంటలోకి దూకుతారు.

"ఒట్టి కల్పన. పడనివాళ్ళు అలా పనిచేస్తారటరా?" అన్నాను. ఆ మాట అనడానికి నాకు హక్కుంది. మా శాఖలో ఒకాయనకూ నాకూ టైంటేబుల్ దగ్గర మాటామాటా వచ్చి రెండేళ్ళయింది. ఆయన ఎదురైతే నేను పుస్తకంలో తల దూరుస్తాను.

మా చోడవరం నిన్నమొన్నటిదాకా విశాఖ జిల్లా. 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారినా మా వీధి అరుగులు మారలేదు. ఫైరు సర్వీసులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు సాయంత్రం అరుగు మీద కూర్చుంటారు. ఆయనకు ఈ కథ చెప్పాను.

"మాస్టారూ, గొట్టం ఎప్పుడైనా పట్టుకున్నారేటి? నీళ్ళ జోరుకి ఎనక్కి తంతాది. ముందువోడు మంట కేసి సూస్తాడు. ఎనకవోడు ఆడి ఈపుకి బుజం ఆనించి బరువు కాస్తాడు. పొగలో ఎనకున్నది ఎవుడో ఎవుడు సూడొచ్చాడు?"

పండగ సెలవు దగ్గర తోటివాడితో ఈయనకూ తగువొచ్చిందట. ఏడు నెలలు మాటల్లేవు. ఓ మిట్టమధ్యాహ్నం బెల్లం పొయ్యి దగ్గర ఎండబెట్టిన చెరుకు పిప్పి అంటుకుంది. గాలికి నిప్పురవ్వలు తాటాకిళ్ళ మీద పడ్డాయి. ఈయన కూతురు ఆ పూట ఆస్పత్రిలో జ్వరంతో ఉంది. ఎవరికీ చెప్పకుండా బండెక్కారు. ముందు ఈయన, వెనక ఆ పడనివాడు. దీపాలవేళకు మంట ఆరింది. గొట్టం చుడుతూ వాడే అడిగాడట: "పాపకెలాగుంది?"

"ఆడి కెవుడు సెప్పాడో ఇప్పటికీ తెలీదు," అన్నారాయన. పాప బతికింది.

ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక సిబ్బంది మౌనం పాటిస్తారు. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో 'ఫోర్ట్ స్టైకిన్' అనే ఓడ అంటుకుంది. లోపల పత్తి బేళ్ళూ, సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రీ! ఓడ బద్దలై 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. వాళ్ళలో ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరి ఇంట ఎవరు మంచాన ఉన్నారో లెక్కల్లోకి ఎక్కదు గదా!

"అయితే ఆ తరవాత మీరిద్దరూ ప్రాణస్నేహితులయ్యారన్నమాట," అన్నాను, నాటకం చూసిన అలవాటుకొద్దీ.

ఆయన నవ్వారు. "ఎక్కడ మాస్టారూ! ఆ సెలవు మాటెత్తితే ఇప్పటికీ మాకు పడదు. పెన్షను ఆఫీసు కెళ్తే మట్టుకు ఆడే నా కాగితాలు పట్టుకొని వరసలో నించుంటాడు."

కాలేజీ తెరవడానికి ఇంకా పది రోజులుంది. టైంటేబుల్ రాయవలసిన వంతు ఈసారి నాది.